చాకు నాణ్యం కొన్ననాడే చూడాలి



ఇవాళ నేను చాకు గురించి మాట్లాడతానంటే, "కూరలు తరిగే చాకు సంగతి మాకు ఒకరు చెప్పాలా?" అంటారేమో. అది కాదండీ. అరచేతిలో ఇమిడిపోయి, మడతలు విప్పితే చాకూ, కత్తెరా, స్క్రూడ్రైవరూ, డబ్బా మూత కోసేదీ, చిన్న రంపమూ అన్నీ బయటికొచ్చే జేబు చాకు గురించి. పిల్లలు మల్టీటూల్ అంటున్నారు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు అద్దె ఫ్లాట్లలో ఉంటూ ఆఫీసులకు వెళ్ళే పిల్లలు పనిముట్ల పెట్టె ఎక్కడ పెట్టుకుంటారు? ఇదొక్కటి ఉంటే చాలని కొనుక్కుంటారు. మంచి ఉద్దేశమే.

మా అన్నయ్య కూతురు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోంది. కిందటి సంక్రాంతి ముందు నెట్‌లో ఇలాంటిది ఒకటి తెప్పించుకుంది. "ఇరవై ఒక్క పనులు చేస్తుందత్తా, ఎంత చవకో!" అని ఫోన్‌లో ఒకటే సంబరం. రెండు వారాలు తిరక్కుండానే, ఒక ఆదివారం పొద్దున మళ్ళీ ఫోను. అట్టపెట్టెలో చాకు మొన గుచ్చి ముందుకు నెడుతూంటే బ్లేడు టక్కున మడుచుకుని చూపుడువేలి మీద పడిందట. మూడు కుట్లు. వెళ్ళి చూద్దును కదా, ఆ బ్లేడు ఊడబోయే పాలపన్నులా అటూ ఇటూ ఊగుతోంది.

"వచ్చిన రోజే చూసుకోలేదటే?" అన్నాను.

"చూశానత్తా. తళతళా మెరుస్తోంది కదా అనుకున్నాను" అంది. వాపసు ఇచ్చే గడువు అప్పటికే దాటిపోయింది.

మరి చూడడమంటే ఏమిటి? ఆ నాటినుంచి నేను తెలిసినవాళ్ళను అడిగి, రాణీగంజ్ దుకాణాల్లో నాలుగు రకాలు చేత్తో పట్టి నేర్చుకున్నది మీకు చెబుతాను.

ఈ చాకుకి ప్రాణం దాని వీపున ఉండే స్ప్రింగు పట్టీ. స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్ళో 1884లో కత్తుల దుకాణం పెట్టిన కార్ల్ ఎల్సెనర్ 1891లో అక్కడి సైనికులకు జేబు చాకులు చేసి ఇచ్చాడు. 1897లో ఆఫీసర్ల చాకు చేసినప్పుడు, ఒకే స్ప్రింగు రెండు వైపుల పనిముట్లనూ పట్టి ఉంచే ఉపాయం చేశాడు. అందువల్లనే అంత చిన్న పిడిలో అన్ని పనిముట్లు పట్టాయి. కనుక ఎన్ని పనిముట్లు ఉన్నాయని లెక్కపెట్టడం కాదు, వాటిని పట్టి ఉంచేది ఎంత గట్టిదో చూడాలి.

పరీక్ష ఎప్పుడూ మొదట కళ్ళతో, తర్వాత వేళ్ళతో. కోసి చూడడం ఆఖర్న. ఎందుకంటే ఒకసారి వాడి గీతలు పడ్డాక దాన్ని వాపసు తీసుకోమంటే పేచీ వస్తుంది.

మూసిన చాకుని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. వీపు వైపు స్ప్రింగుకీ పక్క రేకులకీ మధ్య వెలుగు గీత కనబడకూడదు. బ్లేడు రేకుల నడుమ మధ్యగా కూర్చోవాలి. ఒక పక్కకు ఒరిగి రాసుకుంటూంటే పదును నాలుగు రోజుల్లో పోతుంది. ఇప్పుడు ఒక్కొక్క పనిముట్టే తెరవండి. తెరుచుకున్నాక టక్కుమని నిలవాలి. కొత్తది కాస్త బిగువుగా ఉంటే తప్పులేదు, ఒక నూనె చుక్క వేస్తే సర్దుకుంటుంది. వదులుగా ఉన్నది మాత్రం వాడేకొద్దీ ఇంకా వదులవుతుంది. బ్లేడుని పదును వైపు కాకుండా వీపు వైపు రెండు వేళ్ళతో పట్టి అటూ ఇటూ కదిపి చూడండి. కదిలిందా, పెట్టెలో పెట్టి తిప్పి పంపేయండి.

ఇంకొక ముఖ్యమైన మాట. వీటిలో లాకు ఉన్నవీ లేనివీ రెండు రకాలున్నాయి. లాకు లేనంత మాత్రాన నాసిరకం కాదు. పేరున్న స్విస్ చాకుల్లోనూ చిన్నవాటికి లాకు ఉండదు. కాని అలాంటి దానితో ఎన్నడూ మొన గుచ్చి నెట్టకూడదు. మా అమ్మాయి చేసిన పొరపాటు అదే. లాకు ఉంటే, బ్లేడు వీపుని మడతపెట్టిన తువ్వాలు మీద మెల్లగా ఒత్తి చూడండి. వేళ్ళు మాత్రం అది మడుచుకునే దారిలో ఉంచకండి.

ఇప్పుడు మన వంటింటి శాస్త్రం ఒకటి తలకిందులవుతుంది, వినండి. స్టీలు గిన్నెకి అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అంటాం కదా? చాకుకి ఆ లెక్క పనికిరాదు. మామూలుగా మన గిన్నెల స్టీలులో నికెల్ ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చినా గట్టిపడదు. చాకు స్టీలులో కార్బన్ కాస్త ఎక్కువ. కాల్చి చల్లారిస్తే గట్టిపడి పదును నిలుపుకుంటుంది. దానికి అయస్కాంతం అంటుకుంటుంది, అంటుకోవాలి కూడా. అంటుకున్నంత మాత్రాన మేలైనదని కాదు గాని, అంటుకోకపోతే అనుమానించండి.

ఇవన్నీ నెగ్గితే అప్పుడు కోసి చూడండి. దీపం కింద పదును అంచుని చూస్తే తెల్లటి మెరుపు గీత కనబడకూడదు. మెరిసిన చోట మొద్దుగా ఉన్నట్టు. కాగితం చివరంటా చిరగకుండా తెగాలి. పది అట్టముక్కలు కోశాక మళ్ళీ కాగితం కోయండి, అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. కత్తెరతో తడిగుడ్డ మొనదాకా తెగాలి. కటింగ్ ప్లేయరు ఉన్న రకమైతే దాని మొనలు రెండూ కలిసి కాగితం ముక్కని జారకుండా పట్టుకోవాలి. స్క్రూడ్రైవరుతో తలుపు గొళ్ళెం స్క్రూ ఒకటి బిగించండి. మొన మెలి తిరిగితే మెత్తటి ఇనుమన్నమాట. కరెంటు బోర్డు జోలికి మాత్రం దీనితో పోకండి.

పెట్టె విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకోండి. లోపం ఉన్న వస్తువుని వాపసు తీసుకోనని అమ్మినవాడు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వినకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైను. ఇంకొకటి, విమానం ఎక్కే పిల్లలు దీన్ని చేతిసంచీలో పెట్టుకోకూడదు.

మన నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. ఇస్పహాన్ వర్తకుడొకడు కొలిమి దగ్గరే ఉండి పని చూసుకునేవాడని, 1832లో అచ్చయిన వోయ్‌సీ అనే ఇంగ్లీషు ఆయన వ్యాసంలో ఉంది. ఆ వర్తకుడు సముద్రాలు దాటి వచ్చి చూసుకున్నాడు. గుమ్మంలోకి వచ్చిన వస్తువుని మనం పావుగంట కూర్చుని చూసుకోలేమా?

మా అమ్మాయి వేలు మానింది. మచ్చ మాత్రం ఉండిపోయింది. మొన్న కొత్త చాకు తెచ్చి, ముందు నా చేతిలో పెట్టింది. "నువ్వు చూడత్తా" అంది. "నువ్వే చూడు, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.

సెలవు.