వెబ్ పుస్తకం కొనేముందు

వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుందామని మన యాప్రాల్ కుర్రాళ్లు ఆదివారం బస్సెక్కి అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరకు వెళ్తుంటారు. లావుపాటి పుస్తకం చవగ్గా దొరుకుతుంది. మరి సరుకు చూసుకోవాలి కదా!

మొదట ముద్రణ వివరాలు చూడండి. పునర్ముద్రణ ఏడాది కాదు, ఆ ఎడిషన్ తొలిసారి వచ్చిన ఏడాది. జావాస్క్రిప్ట్ 2015లో బాగా మారింది. వేరియబుల్ ప్రకటించే లెట్, కాన్‌స్ట్ అప్పుడే చేరాయి. ఏ పేజీ తిప్పినా వేరియబుల్‌కి 'వార్' ఒక్కటే కనిపిస్తే అది బహుశా అంతకు ముందుదే. అక్షరాల రంగుకి ఫాంట్ ట్యాగ్ వాడమంటోందా, ఇంకా పాతది. ఫ్లాష్ మీద అధ్యాయం ఉంటే ఇక చెప్పేదేముంది, అడోబీ 2020 డిసెంబరు 31తో దాన్ని వదిలేసింది.

అలాగని పాతవన్నీ తూకానికి వేయక్కర్లేదు. బ్రౌజర్ సర్వర్‌ని ఏమని అడుగుతుంది, 404 ఎందుకొస్తుంది, డేటాబేస్‌లో రెండు పట్టికల్ని ఎలా కలపాలి, ఇవి పదిహేనేళ్ల నాటి పుస్తకంలో చదివినా పనికొస్తాయి. నేనైతే డబ్బు వీటికే పెడతాను. ఫ్రేమ్‌వర్క్‌ల పుస్తకాలు అచ్చయ్యేలోపే వెర్షన్ మారిపోతుంది. వాటి అధికారిక డాక్యుమెంటేషన్ ఉచితంగానే ఉంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ సందేహాలకు మొజిల్లా వారి ఎండీఎన్ సైటు చాలు. మరైన్ హావర్‌బెకె తన 'ఎలోక్వెంట్ జావాస్క్రిప్ట్' పుస్తకాన్ని నెట్‌లో ఉచితంగానే పెట్టారు. అందులో అభ్యాసాలు కాస్త కఠినమే, అయినా చెయ్యి తిరుగుతుంది. ఇక అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల జిరాక్స్ నోట్సు ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి తిరగేయడానికి బాగుంటాయి.