కోటలో నీళ్లు ఎన్నాళ్లకు?

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు, గుత్తి కొండ ఎక్కించిన పిల్లల్ని గవినుల దగ్గర నిలబెట్టి రాజుల పేర్లు అప్పజెప్పమనేవారు కాదు. “పైన ఎంతమంది ఉండేవాళ్లురా? వాళ్లేం తాగేవాళ్లు?” అని అడిగేవారు. ఆ పిల్లల్లో ఒకడైన ఈ వక్త ఇంకా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాడు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ దేవుడు కరుణిస్తే, పడే సీమ ఇది. ఇలాంటిచోట యుద్ధకాలంలో దండుకు విడిది కట్టడమంటే గోడకన్నా ముందు నీళ్ల పని. కట్టాక దాన్ని నిలబెట్టడమంటే ఏటేటా పూడిక తీయడం, గచ్చు పగుళ్లు పూడ్చడం, పాతరలో గింజ చెమ్మెక్కకుండా చూడటం. ఈ పనులు చేసినవాళ్ల పేర్లు శాసనాలకు ఎక్కడం అరుదు.

ఎక్కిన ఒక పేరుంది. విజయనగరం పుట్టుపూర్వోత్తరాలు ఈ సభకు కొత్తగా చెప్పనక్కర్లేదు కాబట్టి నేరుగా 1388కి వెళ్దాం. హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉన్న రోజులవి. నిండు కొలువులో జలసూత్రం తెలిసిన సింగాయ భట్టును పిలిచి, పెన్న నీళ్లను పెనుకొండకు తెమ్మని ఆనతిచ్చాడు. భట్టు సిరువెర చెరువు దాకా కాలువ తీసి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు. ప్రజల సుఖం కోసమే ఈ పని అని శాసనం చెబుతుంది. కాదనం. కానీ కొండమీద కోట, కోటలో రాకుమారుడు, రాకుమారుడి వెంట సైన్యం ఉన్నప్పుడు ఆ సుఖంలో దండు దాహానికీ వాటా ఉండి తీరాలి. శాసనం సభ్యత కొద్దీ ఆ మాట దాచిందని ఈ వక్త అనుమానం.

1520లో కృష్ణదేవరాయలు రాయచూరు మీదికి దండెత్తినప్పుడు 12,000 మంది తోలుతిత్తులతో దారి పొడవునా నిలబడి నీళ్లు పోశారని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. అతను చెప్పే సైన్యం సంఖ్యల్ని పూర్తిగా నమ్మలేం. తిత్తుల మనుషుల సంగతి మాత్రం నమ్మొచ్చు. గొప్ప చెప్పుకోవాలనుకున్నవాడు ఏనుగుల్ని పెంచుతాడు గానీ నీళ్లు మోసేవాళ్లను పెంచడు.

తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు పెనుకొండే రాజధాని. 1589 ప్రాంతంలో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ ముట్టడికి వచ్చాడు. వెంకటపతి రాయలు రాయబారం పంపాడు. సంధి మాట వినగానే సుల్తాను సైన్యాన్ని వెనక్కి జరిపాడు. ఆ సందులోనే కోటలోకి తిండిగింజలు చేరాయి. మూడు రోజులకల్లా జగదేవరాయలు తుపాకీదళంతో లోపలికి వచ్చిపడ్డాడు. వానాకాలం దగ్గరపడుతోంది, వెనక కృష్ణ పొంగితే ఇంటిదారి మూసుకుపోతుంది. సుల్తాను ముట్టడి ఎత్తేశాడు. పెనుకొండను ఆ ఏడు కాపాడింది మూడు రోజుల సరుకు రవాణా అంటే అతిశయోక్తి కాదు.

ఇక గుత్తి. ఇక్కడ కాస్త ఆగక తప్పదు, అధ్యక్షులవారు మన్నించాలి.

గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే మీదికి మైసూరు హైదరాలీ వచ్చిన కథ అందరూ విన్నదే. కింది కోట పోయింది, పైకోట మిగిలింది. మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ ప్రకారం 12 లక్షల రూపాయలకు రాజీ కుదిరింది. చెల్లించాల్సిన బాకీకి హామీగా ఒక సేనాని కొడుకును హైదర్ శిబిరానికి పంపారు. అక్కడివాళ్లు ఆ కుర్రాణ్ణి మర్యాదలతో ముంచెత్తారు. మాటల మధ్యలో అతను పైన మూడు రోజుల నీళ్లే ఉన్నాయని నోరు జారాడు. హైదర్ ఏదో సాకుతో మళ్లీ ముట్టడి బిగించాడు. 1776లో కోట లొంగింది. మురారిరావు కబ్బాళదుర్గంలో బందీగా పోయాడు.

దీని మీద రెండు వర్గాలతో ఈ వక్తకు ఏళ్లనాటి పేచీ. మొదటి వర్గం వాళ్లు కుర్రాడి నోటిదూలే కోటను ముంచిందంటారు. నిజమే, వార్త చెప్పింది అతనే. కానీ తొట్టి ఖాళీ చేసింది అతను కాదు కదా! అతను పెదవి బిగబట్టి ఉంటే కోట ఇంకో మూడు రోజులు నిలిచేది, నాలుగో రోజు అదే గవిని తెరుచుకునేది. రెండో వర్గం ఇంకా గట్టిది. గుత్తిలో 108 బావులుండగా నీళ్లు అయిపోవడమేమిటి, అదంతా ఇంగ్లీషువాడి కల్పన అంటారు. పర్యాటక కరపత్రాల్లో ఈ 108 చూసినప్పుడల్లా ఈ వక్తకు లెక్కకన్నా జపమాలే గుర్తొస్తుంది. పైకోటలో నీటికి ప్రధానమైన ఆధారం వానే.

ఆ వాననీటిని పట్టే రాతి దొనెల దగ్గర ఓ పూట కూర్చుంటే సంగతి తెలుస్తుంది. చట్రాతి వాలు మీద పడిన చినుకు ఆగదు. దాన్ని మళ్లించి, రాతి చీలికలో కట్టిన తొట్టిలోకి దింపాలి. గచ్చులో వెంట్రుకవాసి పగులు చాలు, నీళ్లు కారిపోవడానికి. వానతో పాటే మట్టీ ఆకూ దిగుతాయి. రెండేళ్లు పూడిక తీయకపోతే తొట్టి చూడటానికి నిండుగానే ఉంటుంది, అందులో సగం బురద.

లెక్క వేద్దాం. ఎకరం రాతి మీద పడే 550 మిల్లీమీటర్లూ దక్కితే ఏడాదికి 22 లక్షల లీటర్లు. ఆవిరీ కారుడూ పోను సగం చేతికొచ్చినా అదృష్టమే. మనిషికి తాగడానికీ వండుకోవడానికీ రోజుకు అయిదు లీటర్లు. గుర్రానికి ముప్పై అయిదు. ఊహకు వెయ్యిమందిని, రెండువందల గుర్రాలను పైకి ఎక్కించండి. మనుషులు తాగేది 5,000 లీటర్లు, గుర్రాలు తాగేది 7,000. మురారిరావు బలమంతా గుర్రపుదళమే. కర్ణాటక యుద్ధాల్లో అందరూ బతిమాలి పిలిచింది ఆ గుర్రాలనే. మైదానంలో గెలిపించే గుర్రం వానకొండ మీద శత్రువు. కింది కోట పడగానే గుర్రాల్ని వదిలించుకోవాల్సింది. ఏ మరాఠా సర్దారూ ఆ పని చేయలేడు. గుత్తి పతనానికి ఈ వక్త తీర్పు ఇదే. కుర్రాణ్ణి ఇకనైనా వదిలేద్దాం.

చీటీ వచ్చింది, పది నిమిషాలట.

టిప్పు కాలాన్ని దాటేద్దాం. 1800లో నిజాం ఈ సీమను, అంటే దత్తమండలాలను, ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కలెక్టరుగా వచ్చిన మన్రోకు ఎదురైంది 80 మంది పాళెగాళ్లు, వాళ్ల చేతికింద 30,000 మంది సాయుధులు. పాళెం అంటేనే దండు విడిది. ఆ విడిదే గ్రామమై, గ్రామమే సంస్థానమైంది. మన్రో వాళ్ల ఆయుధాలు ఊడబెరికాడు. ఆ రోజుల్లో కంపెనీ దండుకు గింజలు మోసింది లంబాడీల ఎడ్ల బిడారులు. కంపెనీ సేనాని వెలస్లీ దండయాత్రలు ఆ ఎడ్ల మూపుల మీదే నడిచాయి. ఆ బిడారుల మీద వేరే ఉపన్యాసమే కావాలి. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోతే, ముందు పూడ్చింది గుత్తి కోట కిందే. కంటోన్మెంటు బళ్లారికి అమరింది, గుత్తికి తర్వాత రైలు జంక్షను దక్కింది. రెండో ప్రపంచయుద్ధంలో బళ్లారి శిబిరాల్లో ఇటలీ ఖైదీలను ఉంచారు. వాళ్లకు నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయన్నది ఎవరైనా పరిశోధక విద్యార్థి చేపట్టదగ్గ పని.

రేపు ఉదయం ఆరింటికి గుత్తి కొండ ఎక్కే కార్యక్రమం ఉంది. వచ్చేవాళ్లు తలా రెండు లీటర్ల నీళ్లు తెచ్చుకోండి. పైన తాగే నీళ్లు లేవు.