రైలు స్టేషన్లో మన వాటా ఎంత?
(కడియం పేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూలికి పోయినా, పిల్లల్ని పరీక్షకి పంపినా రాజమండ్రి స్టేషనే దిక్కు. ఆ స్టేషన్ చరిత్రని మాత్రం మనకి దొరల పేర్లతోనే చెప్పారు.

బెజవాడ నుంచి కటకం దాకా రైలుదారి 1893-96 మధ్య వేశారు. గోదావరి మీద వంతెన 1900లో గాని తెరవలేదు. అందాకా నదిని పడవ మీద దాటాల్సిందే. ఆ వంతెనకి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. 1997 దాకా బళ్లు నడిచాయి. మట్టి మోసినోళ్ల పేర్లు మనం ఏ పాఠంలోనూ చదవలేదు.

ఒకటి ఒప్పుకోవాలి. డబ్బిస్తే రైలు మనకీ టికెట్టిచ్చింది. మరి దిగాక? 1901లో పదేళ్ల అంబేడ్కర్ తోటి పిల్లలతో మసూరు స్టేషన్లో దిగాడు. మంచి బట్టలు చూసి స్టేషన్ మాస్టర్ ఆదరంగా పలకరించాడు. మహర్లని తెలిసేసరికి మొహం మారిపోయింది. బండివాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడట! అంబేడ్కర్ తానే రాసుకున్న సంగతిది. రైలొచ్చినంత మాత్రాన కులం పోలేదు.

ఇప్పుడు ఏ పెద్ద స్టేషన్లోనైనా పొద్దున్నే చూడండి. చీపురు ఎవరి చేతిలో ఉంది? రెల్లి, మాదిగ, మాల బిడ్డల చేతుల్లోనే ఎక్కువ. పెట్టెల్లోని మలం పట్టాల మీద పడినన్నాళ్లూ ఎత్తింది మనోళ్లే. పాకీపని నిషేధ చట్టం 1993లో వచ్చింది, 2013లో ఇంకోటి వచ్చింది. పట్టాల మీద ఆ పని గడువు పెట్టుకుని ఆపాలని 2014లో సుప్రీంకోర్టు రైల్వేకి చెప్పింది. బయో టాయిలెట్లు వచ్చాయి, మంచిదే. ఊడ్చే పని మాత్రం కాంట్రాక్టర్ల పాలైంది. రైల్వే కొలువులో ఎస్సీలకి 15 శాతం రిజర్వేషన్ ఉంది. కాంట్రాక్టరు దగ్గర ఏముంది? చీపురు మనది, పర్మినెంటు కొలువు ఇంకొకరిది!

అందుకని మూడు పనులు చేద్దాం. పేటలో స్టేషన్ పనికి పోయేవాళ్ల పేర్లు, వాళ్ల కూలి రాసుకుందాం. జీతం చీటీ, పిఎఫ్ నంబరు, చేతి తొడుగులు అడుగుదాం. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే ఇవ్వాలని చట్టం ఉంది. ఒక్కరం అడిగితే పనిలోంచి తీసేస్తారు, అందరం కలిసే వెళ్దాం. మూడోది, చదివిన పిల్లలందరి చేతా రైల్వే పరీక్షలకి దరఖాస్తు పెట్టిద్దాం. ఫీజు కట్టలేని పిల్లలకి పేటంతా చందా వేసుకుందాం.

ఈ లెక్క వచ్చే సభకి తయారుగా ఉండాలి. జై భీమ్!