పాత ప్లాస్టిక్ కారుకు కొత్త రూపం

1958లో అమెరికాలోని ఏఎంటీ కంపెనీ ‘త్రీ ఇన్ వన్’ కారు కిట్లు తెచ్చింది. ఒకే డబ్బాలోని భాగాలతో కారును షోరూమ్‌లో ఉన్నట్టుగానో, పందెం కారుగానో, సొంత హంగులతోనో కట్టుకోవచ్చు. కొలత అసలు కారులో 25వ వంతు. అంటే అయిదు మీటర్ల కారు 20 సెంటీమీటర్లకు ఒదుగుతుంది.

ఆనాటి పిల్లలు జిగురు ధారాళంగా పూసి, మందంగా రంగేసిన బొమ్మలే ఇప్పుడు చాలామంది ఔత్సాహికుల చేతికొస్తున్నాయి. వాటిని విప్పడమే అసలు కష్టం. ఈ జిగురు పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేస్తుంది మరి! అందుకే బొమ్మను కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెడతారు. చలికి అతుకు పెళుసెక్కాక, సన్నటి బ్లేడుతో మెల్లగా విడదీస్తారు. పాత రంగు వదిలేలా ముక్కల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దుతారు. మొండి రంగైతే ఒక్కసారికి లొంగదు.

విరిగిన భాగానికి కొత్తది తగిలించడం తేలికే. నాకు మాత్రం ఆనాటి ముక్కనే అతికించి, సానపట్టి నిలబెట్టిన పనితనం మీదే గౌరవం ఎక్కువ.

ఇంకో మాట. కొన్ని పాత వినైల్ టైర్లు ఏళ్ల తరబడి ప్లాస్టిక్ చక్రాన్ని అంటుకుని ఉంటే దాన్ని కరిగించేస్తాయి. కట్టని కిట్లను దాచేటప్పుడు టైర్లను వేరే సంచిలో పెట్టండి.