కుర్చీ ఇస్తే చాలదు, కొలత చూడాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే మాస్టర్ని. తెలుగులో ఉపన్యాసమంటే నాకు కొంచెం బెరుకే. మాటలో తప్పు దొర్లితే పెద్ద మనసుతో మన్నించండి. విషయం మాత్రం మా ఇంట్లో తప్పు చేసి, దాని ఫలితం అనుభవించి నేర్చుకున్నది.

మన సంఘం అవసరమున్నవారికి చక్రాల కుర్చీలు ఇస్తున్నది. పుణ్యకార్యమే, కాదనను. కానీ ఒక్క ప్రశ్న. పండుగకు చొక్కా కుట్టించాలంటే దర్జీ టేపు తీసి మెడ, భుజం, చెయ్యి కొలుస్తాడు. ఆ చొక్కా తొడిగేది ఒక పూట. రోజుకు పది గంటలు, ఏళ్ళ తరబడి కూర్చోవలసిన కుర్చీకి మనం ఎవరి కొలతైనా తీశామా?

2011లో నా తమ్ముడు మేస్త్రీ పనిలో ఉండగా పరంజా మీదనుండి పడ్డాడు. వెన్నెముక దెబ్బతిన్నది. నడుము కింద స్పర్శ పోయింది. ఒక దాత దయతో కుర్చీ ఇచ్చారు. మావాడు బక్కపలచని మనిషి, కుర్చీయేమో వెడల్పు. ఒక పక్కకు ఒరిగిపోయేవాడు, ముందుకు జారేవాడు. నేనేం చేశాను? తువాలుతో ఛాతీ దగ్గర కుర్చీకి కట్టేశాను. "భాయిజాన్, కట్టకండి, ఊపిరాడటం లేదు" అనేవాడు. "పడిపోతావురా, ఓర్చుకో" అనేవాణ్ణి. పైన కట్టితే కింద జారడం ఆగుతుందా? ఆగలేదు.

నాలుగు నెలలకు అమ్మీ వాడి లుంగీ మీద రక్తపు మరక చూసింది. వెన్ను చివర రూపాయి బిళ్ళంత పుండు. పైకి చిన్నదే, లోపల లోతు. స్పర్శ లేదు గనుక వాడికి తెలియనే లేదు. ఏడు నెలలు బోర్లా పడుకున్నాడు. వైద్యానికి అమ్మీ గాజులు పోయాయి. చివరకు వ్యాయామ చికిత్స చేసే ఒక అమ్మాయి వచ్చి, పుండుకంటే ముందు కుర్చీని చూసింది. "మాస్టరుగారూ, పుండుకు మందు ఉంది. దాన్ని పుట్టించిన కుర్చీకి మందు ఎవరు వేస్తారు?" అన్నది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆమె చెప్పినది మీకు వివరిస్తాను. ఇంటికి పునాది ఎలాగో, కూర్చున్న మనిషికి కటి, అంటే తుంటి ఎముకల కట్టు, అలాగ. అది సమంగా నిలిస్తే వెన్ను నిలుస్తుంది, మెడ నిలుస్తుంది, చేతులు పనిచేస్తాయి. అది వెనక్కి వాలితే మనిషి జారుతాడు, వీపు గూనిలా వంగుతుంది, బరువంతా వెన్ను చివర పడుతుంది. అది ఒక పక్కకు వాలితే వెన్నెముక కూడా ఆ వంపుకు అలవాటు పడుతుంది. కొన్నేళ్ళకు ఆ వంపు సరిచేయరానిదవుతుంది.

మడత కుర్చీల రెగ్జిన్ సీటు కొన్నాళ్ళకు ఉయ్యాలలా కుంగుతుంది. పునాది కుంగిన తరువాత గోడను తువాలుతో కట్టి ఏం లాభం? మా బడిలో ఒకటో తరగతి పిల్లవాణ్ణి పదో తరగతి బల్ల మీద కూర్చోబెడితే కాళ్ళు వేలాడి జారిపోతాడు. ఇదీ అంతే.

కాబట్టి చూడవలసినవి ఇవి. సీటు వెడల్పు తుంటి వెడల్పుకు సరిపోవాలి. సీటు లోతు, మోకాలి వెనుక మడతకు రెండు వేళ్ళ ఎడం ఉండేటట్లు ఉండాలి. పాదాల పలక మరీ కిందికుంటే మనిషి జారతాడు, మరీ పైకుంటే బరువంతా కూర్చునే ఎముకల మీద పడుతుంది. తొడలు మెత్త మీద సమంగా ఆనాలి. బెల్టు కావాలంటే ఛాతీకి కాదు, తుంటి దగ్గర పెట్టాలి. పుట్టుకతో మెదడు దెబ్బతిన్న పిల్లలకు పక్కల ఊతం, కొందరికి తల వెనుక ఊతం కూడా కావాలి. పిల్లలు పెరుగుతారు గనుక కొలత మళ్ళీ మళ్ళీ తీయాలి.

ఇక మెత్త. స్పర్శ లేనివారికి అది సోకు కాదు, ప్రాణరక్షణ. మనిషి కూర్చున్నాక ఎముక కింద మీ వేళ్ళు పెట్టి చూడండి. వేళ్ళ కొసలు కాస్త కదిలితే మంచిదే. కదలకుండా నొక్కుకుపోతే ఆ మెత్త పనికిరాదు. నడుమ రంధ్రమున్న గాలి ట్యూబు వద్దు, అది అంచుల దగ్గర ఒత్తిడి పెంచుతుంది. ఎంత మంచి మెత్త ఉన్నా పావుగంటకో అరగంటకో ముందుకో పక్కకో వంగి బరువు తీయాలి. రోజూ రాత్రి చర్మం చూడాలి. ఎరుపు కనిపించి తగ్గకపోతే ఆ చోట బరువు పడనివ్వరాదు, వైద్యుడికి చూపించాలి.

ఇది కొత్త సంగతి కాదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో డాక్టర్ గుట్‌మాన్ వెన్ను దెబ్బతిన్న సైనికులను రెండు గంటలకొకసారి పక్క మార్పించి, పుండ్లతో పోయే ప్రాణాలు నిలిపారు. మన దక్షిణాదిలోనే వెల్లూరు డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడినా, చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. సరిగా కూర్చున్న మనిషి ఎంత పని చేయగలడో దీన్నిబట్టి గ్రహించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2008లోనూ, మళ్ళీ 2023లోనూ మార్గదర్శకాలు వెలువరించింది. మనిషిని పరీక్షించి, కుర్చీని అమర్చి, నేర్పి, తరువాత మళ్ళీ చూడాలన్నదే వాటి సారాంశం.

సంఘానికి నా మనవి ఒక్కటే. పది కుర్చీలిచ్చే డబ్బుతో ఏడే ఇవ్వండి, కానీ కొలత తీసి, మెత్తతో సహా ఇవ్వండి. ఇచ్చిన నెలకు ఒకసారి ఇంటికి వెళ్ళి చూడండి. టేపు పట్టుకొని తిరగడానికి నేను సిద్ధం. కుర్రవాళ్ళు ఇద్దరు తోడొస్తే చాలు. ఒక వ్యాయామ చికిత్సకుల సలహా తీసుకుందాం.

నా తమ్ముడు ఈవేళ సరిపోయిన కుర్చీలో కూర్చుని సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. ఇక్కడే, మూడో వరుస పక్కన ఉన్నాడు. వాణ్ణి ఎవరూ కట్టలేదు, చూడండి.

సెలవు.