ఏ పేజీ తీస్తారో మీ ఇష్టం



పోయిన వారం ఒక అక్క నన్ను అడిగింది. "టీచరమ్మా, పుస్తకం మొదటి నుంచి చివరిదాకా వరసగానే చదవాలా? మధ్యలో పేజీ తీస్తే తప్పా?" అని. అప్పుడు సరిగా జవాబు చెప్పలేదు. ఇవాళ చెప్తాను.

కొన్ని పుస్తకాలు వరసగా చదివితే కథే అర్థం కాదు. వాటిని ఆట పుస్తకాలు అందాం. ఒక పేజీ చదవగానే పుస్తకం మనల్ని అడుగుతుంది. కుడి దారిన పోతారా? 12వ పేజీ తీయండి. ఎడమ దారినా? 20వ పేజీ తీయండి. మనం తీసిన పేజీని బట్టి కథ మారిపోతుంది.

అమెరికాలో ఎడ్వర్డ్ ప్యాకార్డ్ అనే లాయరు రాత్రిపూట కూతుళ్లకు కథలు చెప్పేవాడు. ఒకసారి కథ ముందుకు సాగలేదు. ఇప్పుడేం చెయ్యాలని పిల్లల్నే అడిగాడు. ఒక్కొక్కరు ఒక్కో దారి చెప్పారు. అలా 1969లో ఒక పుస్తకం రాశాడు. అది అచ్చు కావడానికి 1976 దాకా పట్టింది. మన పిల్లలు కథ మధ్యలో మాట్లాడితే "నోరు మూసుకొని విను" అంటాం కదా! నేనూ అన్నాను.

1979లో ఆయనదే 'కేవ్ ఆఫ్ టైమ్' వచ్చింది. కాలగుహ అన్నమాట. గుహలోకి పోయి బయటికొస్తే వేరే కాలంలో ఉంటాం. ఒక దారిలో పోతే 1912లో మునిగిన టైటానిక్ ఓడ మీద తేలతాం. ఈ కథకు 40 ముగింపులు. కొన్నిట్లో చచ్చిపోతాం కూడా. ఏం ఫర్వాలేదు, మళ్లీ మొదటి పేజీ తీయడమే. పిల్లలతో కలిసి చదవడానికి ఇదే మంచిది.

1982లో ఇంగ్లాండులో వచ్చిన 'వార్‌లాక్ ఆఫ్ ఫైర్‌టాప్ మౌంటెన్'కు పాచికలు, పెన్సిలు కావాలి. వైకుంఠపాళిలో లాగా అదృష్టం కూడా కలవాలి. నాకు కొట్లాటలు ఎక్కువ అనిపించింది. మా తమ్ముడికి మాత్రం అదే ఇష్టం.

మనకు దగ్గరగా ఉండేది వీటన్నిటికన్నా పాతది. 1930లో డోరిస్ వెబ్‌స్టర్, మేరీ ఆల్డెన్ హాప్‌కిన్స్ అనే ఇద్దరు ఆడవాళ్లు రాశారు. పేరు 'కన్సిడర్ ద కాన్సిక్వెన్సెస్'. ఏమవుతుందో ఆలోచించుకో అని అర్థం. హెలెన్ అనే అమ్మాయి ఇద్దరిలో ఎవరిని పెళ్లి చేసుకోవాలో చదివేవాళ్లే తేల్చాలి.

ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాలు. అందుకని నిన్న హెలెన్ సంగతి నేనే తెలుగులో చెప్పి, పెళ్లి దగ్గర ఆపాను. ఎవరిని చేసుకోవాలో చేతులెత్తమన్నాను. అందరూ నవ్వుతూ ఎత్తారు. ఒక వదిన ఎత్తలేదు. "నన్నెవరూ అడగలేదు. ఎట్లా చెప్పాలో నాకు తెలవదు" అంది. అందరం ఊరుకున్నాం. కాసేపటికి ఆమే అడిగింది. "రెండు పేజీలూ చూడొచ్చా?"

చూడొచ్చు వదినా. ఒక పేజీలో వేలు పెట్టుకొని రెండోది చదవండి. నచ్చకపోతే వెనక్కి రండి.

రేపు అందరూ నోటుపుస్తకం తెచ్చుకోండి. మన కథ మనమే రాద్దాం. మొదటి పేజీ నేను రాశాను. సంతకు పోయిన అక్కకు ఆఖరి బస్సు తప్పిపోయింది. నడిచిపోతే 3వ పేజీ. తెలిసినవాళ్ల ఇంట్లో ఉండిపోతే 5వ పేజీ. 5వ పేజీ ఎవరు రాస్తారు?