గొడ్డలికి ముందు ఒక మాట
(వార్షికోత్సవ సభలో యువజనులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లండులో పుట్టి పెరిగిన యువతీయువకులారా! మీ తల్లిదండ్రులు కొన్న ఇళ్లు క్రమంగా మీ చేతికి వస్తున్నాయి. ఇంటితో పెరడు, పెరటితో చెట్టు కూడా వస్తాయి. ఆ చెట్టును గురించి నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతిని మీరు ముందే తెలుసుకోవాలని నా కోరిక.

మేము ఇల్లు కొన్న తొలి ఏడు, పెరటిలోని పెద్ద ఓక్ చెట్టు మా కూరమడిపై ఎండ పడనీయలేదు. స్థలం మాది, చెట్టు మాది, అడ్డు చెప్పేదెవరని తలచి చెట్లు కొట్టే మనిషిని పిలిచాను. రోజు కూడా నిశ్చయమైంది. ప్రక్కింటి వృద్ధురాలు కంచె మీదుగా "కౌన్సిల్‌ను అడిగారా?" అనకపోయి ఉంటే ఆ చెట్టు నేడు ఉండేది కాదు. విచారించగా దానిపై వృక్ష సంరక్షణ ఉత్తర్వు ఉన్నదని తేలింది. ఆ మాట ఇల్లు కొన్ననాటి కాగితాలలోనే ఉన్నది. సంతకం చేసిన నేనే చదవలేదు.

1990 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం ప్రకారం ఇట్టి ఉత్తర్వు గల చెట్టును అనుమతి లేక కొట్టరాదు, కొమ్మలు నరకరాదు, వేళ్లు తెంచరాదు. ఇల్లు పెంచడానికి పునాది త్రవ్వేవారు ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి. పొరుగింటి చెట్టు కొమ్మ మీ వైపు వాలినా ఇదే నియమం. దరఖాస్తుకు రుసుము లేదు. సాధారణంగా 8 వారాలలో నిర్ణయం వస్తుంది. నిరాకరిస్తే 28 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు.

ఉత్తర్వు లేకున్నా, మీ ఇల్లు కన్జర్వేషన్ ఏరియాలో ఉంటే, నేల నుండి 1.5 మీటర్ల ఎత్తున 75 మిల్లీమీటర్లకు మించిన మాను గల చెట్టును ముట్టుకొనే ముందు కౌన్సిల్‌కు 6 వారాల వ్యవధి ఇవ్వాలి. ఎండిపోయిన చెట్టుకైనా 5 పనిదినాల ముందు తెలపాలి. వెంటనే కూలే ప్రమాదమున్నప్పుడు అవసరమైనంత మేరకే కొట్టి, ఫోటోలు తీసి ఉంచుకొని, వీలైనంత త్వరగా తెలియజేయాలి. నియమం మీరి చెట్టును నాశనం చేసిన వారికి విధించే జరిమానాకు పరిమితి లేదు.

ఇది పరాయి దేశపు చాదస్తమని మీరు భావించవద్దు. వరాహమిహిరుని బృహత్సంహిత ఏమి చెబుతున్నది? దేవతాప్రతిమకై చెట్టు కొట్టదలచినవారు ముందటి రాత్రి దానిని పూజించి, అందులో నివసించే భూతాలను వేరొక చోటికి తరలిపొమ్మని వేడుకొని, తెల్లవారిన తరువాతనే గొడ్డలి ఎత్తాలట. దేవుని పనికైనా ముందు అడగాలి, కొంత ఆగాలి. ఈ దేశపు దరఖాస్తు కోరేదీ అంతే.

మా చెట్టును కొట్టడానికి అనుమతి రాలేదు. కొమ్మలు పలుచన చేయడానికి వచ్చింది. మడిలోని గోంగూర కుండీలలోకి మారి, దక్షిణపు కిటికీ చేరింది.

వారసత్వంగా వచ్చే ఇంటికి కొనుగోలునాటి విచారణ జరగదు, చెట్టు మాట మీకెవరూ గుర్తు చేయరు. మీ అమ్మానాన్నలు ఉండగానే ఆ పాత కాగితాలు తీసి చదవండి. కొన్న తరువాత కూడా ఉత్తర్వు వెలువడి ఉండవచ్చు కనుక కౌన్సిల్‌నూ అడగండి.

శుభం భూయాత్.